ఏడాదికి ఎనిమిది గంటల డ్రైవింగ్, మిగతాదంతా షెడ్డులో

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, పొరపాటు పడి ఉంటే సరిదిద్దండి. వయసు 43. తీరిక లేని ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. 1967 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నారు. బండి నడుస్తోంది, రంగు బాగుంది. వచ్చే సీజన్‌లో క్లాసిక్ స్పోర్ట్స్ కార్ల రేసుల్లో దిగాలని ఉంది. ఇంజిన్ శక్తి పెంచడానికి మొదట ఏ భాగాలు కొనాలి, ఈ జీవితం నిజానికి ఎలా ఉంటుంది, ఉద్యోగం చేసుకునే మనిషి దీన్ని తట్టుకోగలడా అన్నవి మీ ప్రశ్నలు.

నేను 19 ఏళ్లుగా ఇదే రకం కారుతో, 1965 నాటి దానితో, సొంత ఖర్చు మీద రేసుల్లో తిరుగుతున్నాను. పెద్ద కప్పు ఒక్కటీ గెలవలేదు. మా తరగతిలో నాలుగుసార్లు మూడో స్థానం, ఒకసారి రెండో స్థానం, అంతే. అయితే పూర్తి చేయకుండా మధ్యలో ఆగిపోయిన రేసులు చాలా ఉన్నాయి. అవి నేర్పినవే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు: ఇంజిన్ శక్తి కోసం ఇప్పుడు ఏమీ కొనకండి. ఎందుకో చెప్పాలంటే రెండో ప్రశ్న నుంచి మొదలుపెట్టాలి.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. కారు మీద చేసిన ప్రతి పనినీ తేదీతో సహా అందులో రాస్తాను. ఒక శీతాకాలంలో పని లేక కూర్చుని ఆ ఏడాది లెక్క తీశాను. ఆరు రేసు వారాంతాలు. ఒక్కో వారాంతంలో 20 నిమిషాల అర్హత పరుగు, 20 నిమిషాల చొప్పున రెండు రేసులు. అంటే ఆరు గంటలు. వీటికి తోడు రెండు సాధన రోజులు, ఒక్కో రోజు గంట చొప్పున. మొత్తం ఎనిమిది గంటలు నేను రేసు కారు నడిపాను. అదే ఏడాది షెడ్డులో గడిపిన సమయం 290 గంటలు. ట్రైలర్ లాగుతూ రోడ్డు మీద గడిపినది నేను లెక్క వేయలేదు, వేయకపోవడమే మంచిదని మా ఆవిడ అంది.

కాబట్టి మీరు నడపడాన్ని మాత్రమే ప్రేమించే మనిషి అయితే ఇది మీకు తగిన వ్యసనం కాదు. అద్దెకు కారు ఇచ్చి, మెకానిక్‌ను కూడా పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, నడిపి, ఇంటికి వెళ్లిపోవచ్చు. అందులో తప్పేమీ లేదు. నా స్నేహితుల్లో ఇద్దరు అలాగే చేస్తారు, నాకంటే వేగంగా కూడా వెళతారు. కానీ సొంత పాత కారును సొంత చేతులతో సిద్ధం చేసి రేసుకు తీసుకెళ్లే మనిషి డ్రైవరు కంటే ముందు ఆ కారు బాగోగులు చూసే మనిషి. ఆ కారు తన ఇబ్బందిని చెబుతూనే ఉంటుంది. వినడం చేతకావాలి.

నాకు అది చేతకాలేదు, మొదట్లో. మూడో ఏడాది సంగతి చెబుతాను.

ఆ ట్రాక్‌లో ఎడమకు తిరిగే పొడవైన వంపు ఒకటి ఉంది. మూడో గేరులో, ఆరువేల ఆర్‌పీఎం దగ్గర, నాలుగైదు సెకన్ల పాటు కారు ఒక పక్కకే ఒరిగి ఉంటుంది. రేసు సగంలో ఉండగా ఆ వంపు చివర ఆయిల్ ప్రెషర్ ముల్లు ఒక్కసారి కిందికి వాలి, కారు తిన్నగా రాగానే మళ్లీ లేచింది. చూశాను. చూసి కూడా, లేచింది కదా అనుకున్నాను. తర్వాతి ల్యాప్‌లో మళ్లీ వాలింది. ముందున్న కారు నాలుగు కార్ల దూరంలో ఉంది మరి. ఆ ల్యాప్‌లోనూ, ఆ పై రెండు ల్యాపుల్లోనూ నేను ముల్లు వైపు చూడడం మానేశాను. రేసు పూర్తయింది. ఇంజిన్ చప్పుడులో తేడా ఏమీ లేదు. నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆదివారం రాత్రి అలవాటు ప్రకారం ఆయిల్ ఫిల్టరు విప్పి, దాని మడతల కాగితాన్ని కత్తితో కోసి, బల్ల మీద టేబుల్ లైటు కింద పరిచాను. దీన్ని మీరు కూడా నేర్చుకోవాలి, ఖర్చు లేని వైద్య పరీక్ష ఇది. మామూలుగా నల్లటి మడ్డి, అక్కడక్కడ నూలు పోగు లాంటిది తప్ప ఏమీ కనిపించకూడదు. ఆ రాత్రి మడతల మధ్య సన్నటి తళుకు కనిపించింది. అయస్కాంతం దగ్గర పెట్టాను. అంటుకోలేదు. అంటే ఇనుము కాదు. వేలి మీదికి తీసుకుని లైటు కింద వాలుగా చూస్తే కొన్ని రేణువులు బూడిద రంగు, కొన్ని రాగి రంగు.

ఈ ఇంజిన్లలో వాడే మంచి రకం బేరింగ్ చిప్పలు పొరలుగా ఉంటాయి. వెనక ఉక్కు, దాని మీద రాగి, సీసం కలిసిన పొర, అన్నిటికంటే పైన మెత్తటి బూడిద రంగు పూత. బూడిద రంగు మాత్రమే రాలితే పై పూత అరిగిందని అర్థం. రాగి కూడా వచ్చిందంటే పూత దాటి లోపలికి పోయింది. మర్నాడు ఉద్యోగం నుంచి వచ్చి ఆయిల్ సంపు, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, దించాను. మూడో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) బేరింగ్ సగానికి సగం రాగి రంగులో మెరుస్తోంది. ఇంజిన్ ప్రధాన ఇరుసు అయిన ఆ క్రాంక్‌షాఫ్ట్ మీద గోరు పెట్టి గీస్తే గీతలేమీ తగలలేదు, అదృష్టం. ఇంకో రెండు ల్యాపులు తిప్పి ఉంటే రాడ్డు ఇంజిన్ గోడను బద్దలు కొట్టుకుని బయటికి వచ్చేది.

కారణం చాలా మామూలుది. పొడవైన వంపులో ఆయిల్ అంతా సంపులో ఒక పక్కకు పోయి చేరుతుంది, పంపు గొట్టం ఖాళీగా గాలి పీలుస్తుంది. ఆ ఒకటి రెండు సెకన్లు బేరింగ్‌కు ఆయిల్ అందదు. సంపు లోపల అడ్డు రేకులు పెట్టి, ఆయిల్ అటూ ఇటూ పరుగెత్తకుండా చిన్న తలుపులు అమరిస్తే సగానికి పైగా బాధ తీరుతుంది. నేను ఆ సీజన్‌కు ముందు శీతాకాలంలో శక్తి కోసం కొత్త క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) కొన్నాను గానీ, సంపు జోలికి పోలేదు. మీరు ఇంజిన్ శక్తి గురించి అడగగానే నాకు గుర్తుకు వచ్చింది ఆ క్యామ్‌షాఫ్టే.

అందుకే వరుస ఇలా ఉండాలి: మనిషిని కాపాడేవి ముందు, కారును ఆపేవి తర్వాత, ఇంజిన్‌ను బతికించేవి ఆ తర్వాత. శక్తి పెంచేవి అన్నిటికంటే చివర.

మనిషిని కాపాడే వాటిలో బేరాలు ఆడకండి. రోల్ కేజ్ (కారు బోల్తా పడినా మనిషి నలగకుండా కాపాడే గొట్టాల చట్రం), రేసు సీటు, బెల్టులు, మంటలకు తట్టుకునే దుస్తులు, హెల్మెట్, మెడను కాపాడే పట్టీ, కరెంటు మొత్తాన్ని ఒకేసారి ఆపే స్విచ్, మంటలార్పే పరికరం. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ ఆమోదం ఉన్న బెల్టులకు గడువు ఉంటుంది. తయారైన ఏడాది నుంచి సుమారు 5 ఏళ్లు. చీటీ మీద ఏ ఏడాదితో ముగుస్తుందో ముద్రించి ఉంటుంది. కొత్తగా కనిపిస్తున్నాయి కదా అని గడువు తీరినవి పెట్టుకుని వెళితే తనిఖీ దగ్గరే వెనక్కి పంపేస్తారు. ఎవరో వాడి అమ్మిన హెల్మెట్ కొనవద్దు. అది ఎప్పుడు కింద పడిందో మీకు ఎవరూ చెప్పరు. అరవైలలో చాలామంది ఇవేవీ లేకుండానే నడిపారు, నిజమే. వాళ్లలో ఎంతమంది తిరిగి ఇంటికి రాలేదో కూడా గుర్తుంచుకోవాలి. కారు పాతకాలపుది అయితే చాలు, మీ మెడ కూడా పాతకాలపు పద్ధతిలో ఉండనక్కర్లేదు.

ఇక బ్రేకులు. మీ కారుకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. మంచి ప్యాడ్లు, కొత్త గొట్టాలు వేస్తే ఈ బరువుకు అవి చాలు. మోసం చేసేది బ్రేకు ద్రవం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే బ్రేకు ద్రవ ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టిన తర్వాత అదే ప్రమాణం 155 డిగ్రీలను ఒప్పుకుంటుంది. రోడ్డు మీద ఈ తేడా మీకు తెలియదు. ట్రాక్ మీద ఆరో ల్యాప్‌లో తెలుస్తుంది. ఒక గుర్తు చెబుతాను. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు తట్టుకోలేనంతగా వేడెక్కాయని అర్థం. పెడల్ మెత్తబడి లోపలికి పోతే ద్రవం మరిగింది, గొట్టాల్లో ఆవిరి చేరింది. మొదటి దానికి రెండు ల్యాపులు నెమ్మదిగా వెళితే ప్రాణం వస్తుంది. రెండోది జరిగితే ఎడాపెడా పెడల్‌ను రెండు మూడుసార్లు తొక్కి, గేర్లు దించుకుంటూ, పక్కకు తప్పుకుని పిట్‌లోకి రావాలి. నేను ఒకసారి 14 నెలల పాత ద్రవంతో వెళ్లి, తిన్నటి దారి చివర పెడల్ నేలకు తగిలే అనుభవం చవిచూశాను. గడ్డిలో చాలా దూరం వెళ్లి ఆగాను. దేనికీ గుద్దుకోలేదు. ఆ తర్వాత ప్రతి రెండు రేసు వారాంతాలకు ఒకసారి ద్రవం మారుస్తున్నాను.

ఇంజిన్‌ను బతికించేవి అంటే అడ్డు రేకుల సంపు, ఆయిల్ కూలర్, శుభ్రమైన రేడియేటర్, నమ్మదగిన ప్రెషర్ మీటరు. మీది 1967 నాటిది కాబట్టి ఒక మేలు ఉంది. ఈ 1798 సీసీ ఇంజిన్‌కు 1964 చివరి దాకా క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగులు మూడే. తర్వాత ఐదు చేశారు. మీది ఐదు బేరింగుల రకం, రేసు వేగానికి అది కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే విడి భాగాలు ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. అపురూపమైన కారు కొని, ఒక గాస్కెట్ కోసం నాలుగు నెలలు ఎదురుచూసే వాళ్లను చూశాను. మొదటి రేసు కారుగా మీరు ఎంచుకున్నది తెలివైన ఎంపిక. అది అందంగా ఉండడం అదనపు లాభం.

అయితే కొత్తగా చేసి అమ్మే భాగాలన్నీ పాతవాటి సత్తాతో ఉండవు. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని రోటర్ ఆర్మ్ అనే వేలెడంత వస్తువు నన్ను రెండు రేసుల నుంచి ఇంటికి పంపింది. చూడడానికి కొత్తదే, లోపల మాత్రం విద్యుత్తు దారి తప్పి నేలకు పోతోంది. ఇప్పుడు నేను ఏ భాగాన్నయినా ముందు సాధన రోజున వాడి, నమ్మకం కుదిరాకే రేసుకు తీసుకెళతాను. పనిచేసిన పాత దాన్ని పారేయను. నా టూల్‌బాక్స్ పై అరలో ఉన్నవి అన్నీ అలాంటి నమ్మకస్థులే.

ఇంజిన్ పని బయట చేయించినా మీ కళ్లతో చూసుకోండి. ఒకసారి ఒక వర్క్‌షాపు వారు ఇంజిన్ బ్లాక్‌లో సిలిండర్లను తొలిచి సరిచేసి తిరిగి ఇచ్చారు. పైకి అద్దంలా ఉంది. ఆయిల్ దారుల్లోకి సన్నటి బ్రష్షు దూర్చి లాగితే ఇసుకలాంటి లోహపు పొడి వచ్చింది. అలాగే బిగించి ఉంటే కొత్త బేరింగులు అరగంట ఉండేవి కావు. కోపంతో ఫోను చేశాను, వాళ్లు క్షమాపణ అడిగారు. అయినా కడుక్కున్నది నేనే. మూడు సాయంత్రాలు పట్టింది.

సాయంత్రాల గురించి మీరు అడిగారు. పని వేళల తర్వాత గంటన్నర, వారానికి మూడు రోజులు. నా లెక్కలో ఇదే నిలబడింది. ఒక మామూలు సాయంత్రం ఇలా ఉంటుంది. వాల్వు కవరు తీస్తాను. ఎనిమిది వాల్వులు. వాటిని సరిచూడడానికి తొమ్మిది లెక్క అని ఒక పాత ఉపాయం ఉంది. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉందో ఆ సంఖ్యను తొమ్మిదిలోంచి తీసేస్తే, ఇప్పుడు సరిచేయవలసిన వాల్వు వస్తుంది. మొదటిది తెరుచుకుంటే ఎనిమిదోది, మూడోది తెరుచుకుంటే ఆరోది. కంపెనీ క్యామ్‌షాఫ్ట్ అయితే సందు 0.38 మిల్లీమీటర్లు. రేసు రకం క్యామ్‌షాఫ్ట్ అయితే చేసినవారు చెప్పిన కొలత. గేజి రేకు సందులో కదులుతుంటే పాత పుస్తకంలోంచి కాగితం లాగినట్టు కాస్త పట్టి వదలాలి. ఆ పట్టు వేళ్లకే తెలుస్తుంది. ఎనిమిదీ అయ్యేసరికి ఆఫీసులో ఎవరితో మాటామాటా వచ్చిందో మరచిపోతాను. ఏడింటి సందులు కిందటిసారి లాగే ఉండి, ఒక్కదానిది మాత్రం మారిందనుకోండి. అక్కడ ఏదో అరుగుతోంది. నోటుపుస్తకం తీసి పాత అంకె చూస్తాను. రాసిపెట్టకపోతే ఆ తేడా ఎప్పటికీ దొరకదు.

బోల్టులకు నేను రంగు గీత పెడతాను. బిగించిన వెంటనే బోల్టు మీద నుంచి పక్క లోహం మీదికి ఒక గీత. రేసు తర్వాత గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే అది కదిలినట్టే. ముందు చక్రాలను మోసే స్టబ్ యాక్సిళ్లు, వెనక చక్రాలను తిప్పే హాఫ్ షాఫ్టులు, స్టీరింగ్ చేతులు శీతాకాలంలో ఒకసారి పగుళ్ల పరీక్షకు పంపండి. అయస్కాంత పొడి చల్లి చూస్తారు. కంటికి కనబడని వెంట్రుక పగులు కూడా గీతలా తేలుతుంది. ఈ లోహం వయసు మీ వయసు కంటే పెద్దది, ఇంతకుముందు ఎవరి చేతిలో ఎన్ని దెబ్బలు తిన్నదో మనకు తెలియదు.

ఆయిల్ గురించి ఒక్క మాట. ఈ ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్, వాల్వులను కదిలించే చదునైన ట్యాపెట్ల మీద రుద్దుకుంటూ తిరుగుతుంది. దానికి జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనం తగినంత ఉన్న ఆయిల్ కావాలి. నేటి కార్ల పొగ శుద్ధి పరికరాలు చెడకూడదని ఆధునిక ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. ఖరీదైనది, కొత్తది కదా అని నేటి కారు ఆయిల్ పోయకండి.

ఇక నడపడం. ఎనిమిది గంటలే అన్నాను గానీ, ఆ ఎనిమిది గంటల కోసమే కదా ఇదంతా.

1966కు ముందు కాలపు కార్ల తరగతుల్లో చాలాచోట్ల డన్‌లప్ వారి పాత తరహా క్రాస్‌ప్లై (లోపలి దారాల పొరలు అడ్డదిడ్డంగా వేసిన) రేసు టైర్లు తప్పనిసరి. మీ తరగతి నియమం ఏమిటో ముందు చదవండి, తర్వాతే టైర్లు కొనండి. ఆధునిక టైరు పట్టు ఉన్నంతసేపు గట్టిగా పట్టుకుని, వదిలేటప్పుడు ఒక్కసారిగా వదులుతుంది. పాత టైరు అలా కాదు. ముందే జారడం మొదలుపెడుతుంది, జారుతూనే పట్టు చూపిస్తుంది. వంపులో నాలుగు చక్రాలూ కొంచెం కొంచెంగా బయటికి జరుగుతూ ఉంటే, స్టీరింగ్ దాదాపు తిన్నగా ఉండగా కారు వంపు తిరుగుతుంది. మొదటిసారి అది జరిగినప్పుడు భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. కారు గిర్రున తిరిగి, వచ్చిన దారిని చూస్తూ నిలబడింది. వంపు మధ్యలో కాలు హఠాత్తుగా తీయకూడదని చదివే ఉన్నాను. చదవడం వేరు, కాలికి తెలియడం వేరు.

ఈ కారు కంపెనీ నుంచి వచ్చినప్పుడు 95 హార్స్‌పవర్. పెద్ద ఇంజిన్ల కార్లు తిన్నటి దారిలో మిమ్మల్ని దాటి పోతాయి, వంపుల్లో మీకు అడ్డం వస్తాయి. మీ చేతిలో ఉన్నది పోగొట్టుకోని వేగం ఒక్కటే. బ్రేకు కొంచెం ముందుగా, మెత్తగా వేసి, వంపులోంచి వేగంగా బయటికి రావడం నేర్చుకుంటే శక్తి పెంచకుండానే ల్యాపు సమయం సెకన్లకు సెకన్లు తగ్గుతుంది. నా రెండో స్థానం అలాగే వచ్చింది. ఆ రోజు వాన. నాకంటే రెట్టింపు శక్తి ఉన్న కార్లు ఒకటొకటిగా గడ్డిలో దిగబడుతుంటే నేను మూడో గేరులోనే, ఇంజిన్‌ను ఉరికించకుండా, నీళ్లు నిలవని గరుకు తారు వెతుక్కుంటూ వెళ్లాను. చివర్లో ఎవరు ముందున్నారో కూడా నాకు తెలియదు. పిట్ గోడ మీద మా ఆవిడ స్టాప్‌వాచ్ పట్టుకుని రెండు వేళ్లు చూపిస్తే, ఇంకా రెండు ల్యాపులు ఉన్నాయని చెబుతోంది అనుకున్నాను.

ఇంకొకరి కారును తాకకూడదు. ఈ రేసులకూ మామూలు రేసులకూ పెద్ద తేడా ఇదే. అవతలి కారు ఎవరో పదేళ్లు కష్టపడి కట్టుకున్నది, దాని రేకు మళ్లీ దొరక్కపోవచ్చు. అమెరికాలోని పాత కార్ల రేసుల్లో 13/13 అని ఒక నియమం ప్రసిద్ధం. తన తప్పు వల్ల ప్రమాదం చేసిన డ్రైవరును 13 నెలలు రేసులకు దూరం పెట్టడమో, అంతకాలం పరిశీలనలో ఉంచడమో చేస్తారు. అలాంటి కఠినమైన నియమం ఉండాలనే వాళ్లలో నేనూ ఒకడిని. జెండాలు కంఠతా రావాలి. పసుపు, ఎరుపు, నీలం అందరికీ తెలుసు. కొత్తవాళ్లు మరచిపోయేది నల్లజెండా మీద నారింజ రంగు చక్రం. మీ కారులో ఏదో లోపం, వెంటనే లోపలికి రండి అని దాని అర్థం. మీ ఆయిల్ వెనకవాళ్ల దారి మీద కారుతుంటే మీకు కనిపించదు, వాళ్లకు కనిపిస్తుంది.

ట్రాక్ పక్కన కార్లు సిద్ధం చేసుకునే ఆవరణను ప్యాడక్ అంటారు. అక్కడ స్నేహాలు విచిత్రంగా ఉంటాయి. ఒకసారి ఉదయం నా డిస్ట్రిబ్యూటర్ పాడైంది. మా తరగతిలో ఎప్పుడూ నాతో పోటీపడే పెద్దాయన అడగకుండానే తన దగ్గర అదనంగా ఉన్నది తెచ్చి ఇచ్చాడు, దగ్గరుండి టైమింగు కూడా పెట్టించాడు. ఆ రేసులో నేను ఆయన కంటే ఒక స్థానం ముందు వచ్చాను. నేను ఇంకా హెల్మెట్ తీయకముందే బానెట్ దగ్గర స్పానర్ చప్పుడు వినిపించింది. చూస్తే ఆయనే. "నాది ఇప్పుడే పోయింది బాబూ, మధ్యాహ్నం రేసుకు కావాలి" అంటూ విప్పుతున్నాడు. మధ్యాహ్నం రేసు నేను గోడ మీద కూర్చుని చూశాను.

ఇంటి సంగతి. ఇది ఒక్కరి సరదా, అందరి సెలవులు. మా ఇంట్లో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. సీజన్ మొదట్లోనే క్యాలెండర్ ముందు కూర్చుని ఆరు వారాంతాలు ఎంచుకుంటాం, ఏడోది ఎంత మంచి రేసు అయినా లేదు. కారు ఖాతా వేరు, ఇంటి ఖాతా వేరు. కారు ఖాతాలో డబ్బు అయిపోతే ఆ ఏడాదికి రేసులు అయిపోయినట్టే. అలా జూలైలోనే ముగిసిన ఏళ్లు రెండున్నాయి. కారు కొన్న ధరను మాత్రం ఖర్చుగా భావించకండి, అది ప్రవేశ రుసుము. టైర్లు, ప్యాడ్లు, ఎంట్రీ ఫీజులు, ట్రైలర్ లాగే బండి ఇంధనం, కొన్ని సీజన్లకు ఒకసారి ఇంజిన్ పూర్తిగా విప్పి కట్టడం, వీటి మొత్తం త్వరలోనే కారు ధరను దాటుతుంది. మామూలు మోటారు బీమా ట్రాక్ మీద వర్తించదని కూడా గుర్తుంచుకోండి. ఏ రోజైనా కారును చెత్తగా ఇంటికి తెచ్చుకుంటే ఇల్లు గడవని పరిస్థితి ఉన్నవాళ్లు ఆ కారుతో రేసుకు వెళ్లకూడదు. ఈ విషయంలో మెత్తగా చెప్పడం నాకు రాదు.

43 ఏళ్లు ఎక్కువ కాదు. ప్యాడక్‌లో మీరు కుర్రవాళ్ల లెక్కే. బ్రిటిష్ రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ 1962లో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ ట్రాక్‌లో జరిగిన ప్రమాదంతో అగ్రశ్రేణి రేసుల నుంచి తప్పుకున్నా, తర్వాత ఎన్నో ఏళ్లు పాత కార్ల రేసుల్లో నడిపాడు. 2011లో, 81 ఏళ్ల వయసులో, ఫ్రాన్స్‌లోని ల్యు మాన్ ట్రాక్‌లో పాత కార్ల రేసుకు అర్హత పరుగులో తనకే భయం వేసిందని చెప్పి ఆ రోజే మానేశాడు. అంత గొప్పవాడు తన భయాన్ని అంత తేలికగా ఒప్పుకోవడం నాకు చాలా నచ్చింది. నేను ప్రతి సీజన్ చివర నోటుపుస్తకంలో ఆ ఏడాది ఎక్కడ భయపడ్డానో కూడా రాస్తాను. ఇప్పటిదాకా అన్నిటికీ యంత్రంలో కారణం దొరికింది. దొరకని రోజున ఆలోచిస్తాను.

మీరు ఈ వారాంతం చేయవలసింది చిన్న పని. ముందు సీట్ల వెనక మూత తీసి బ్యాటరీలు చూడండి. ఎవరూ మార్చకపోతే 6 వోల్టులవి రెండు ఉంటాయి. 1967 చివరి దాకా వచ్చిన కార్లలో బాడీకి కలిపేది పాజిటివ్ తీగ, ఆ తర్వాతి వాటిలో నెగెటివ్. పాత యజమానులు మధ్యలో మార్చి ఉండవచ్చు. అది తెలియకుండా ఏ కొత్త మీటరూ, ఏ ఎలక్ట్రానిక్ వస్తువూ తగిలించకండి. తర్వాత బ్రేకు ద్రవాన్ని కొంచెం గాజు సీసాలోకి తీసి వెలుతురులో పట్టి చూడండి. లేత తేనె రంగులో ఉంటే పాత యజమాని శ్రద్ధగలవాడు. ముదురు గోధుమ రంగులో ఉంటే మిగతా కారునంతా అదే అనుమానంతో విప్పడం మొదలుపెట్టండి. ఆయిల్ ఫిల్టరు కోసి చూసినప్పుడు రాగి రంగు తళుకు కనబడితే మాత్రం ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకండి, ముందు నాకు రాయండి.